పూజలో కూర్చున్న ఫైబర్ చుట్ట

ఆ రోజుల్లో, అంటే మహదేవపురలో సగం ఖాళీ స్థలాలూ సగం దుమ్మూ ఉన్న కాలంలో, ఇంజనీరు ఉద్యోగానికి తెలివి ఉంటే చాలనుకునేవాణ్ణి. ఓపిక కూడా కావాలని ఎవరూ చెప్పలేదు. మాది వెలుగుతో సమాచారం పంపే స్విచ్‌లు తయారుచేసే చిన్న కంపెనీ. రెండు ప్యాకెట్లు, అంటే సమాచారపు మూటలు, ఒకే దారికి ఒకేసారి వస్తే ఒకటి ఆగాలి. మామూలు స్విచ్‌లోనైతే దాన్ని మెమరీలో కాసేపు కూర్చోబెడతారు. వెలుగును కూర్చోబెట్టలేం (దానికి నాకన్నా ఓపిక తక్కువ). అందుకని కిలోమీటర్ల కొద్దీ ఫైబర్ అనే గాజుతీగ చుట్టిన చుట్టలోకి దాన్ని పంపి, అది తిరిగొచ్చేలోపు రెండోదాన్ని దాటించేవాళ్లం. ఎవరు ముందు, ఎవరు చుట్టలోకి అని తేల్చే ప్రోగ్రాం నాది. అది విదేశీ అతిథుల ముందు పనిచేస్తే నా ఉద్యోగం ఖాయం, లేకపోతే పెట్టే బేడా సర్దుకోవడమే.

వాళ్లు రావాల్సింది సరిగ్గా మా ఆఫీసులో ఆయుధపూజ జరిగిన రోజు మధ్యాహ్నం. భోంచేసి ల్యాబ్‌లోకి వస్తే చుట్ట లేదు! దాని చోట జానెడు తీగ. తెర మీద ప్యాకెట్లు ఒకదాన్నొకటి గుద్దుకుని మాయమైపోతున్నాయి. ఇది మామ పనేనని అర్థమైంది. (నా మామ కాదు, యజమానికి మేనమామ. ఆఫీసులో కుర్చీ జరగాలన్నా ఆయన చెప్పాల్సిందే.)

"ఆ చుట్టా? దేవుడి పటానికి పీటగా పెట్టినాను. బాగుండాది" అన్నాడాయన తీరిగ్గా. "పక్కపక్కనుండే డబ్బాలకు అంత తీగ ఏంటికప్పా? చిన్నది వేసినా కదా, ఇంకా బిరీన పోతాది."

"బిరీన పోకూడదనే కదా మామా నా ఏడుపు! ఇటిచ్చేయండి."

"పూజలో పెట్టింది రేపటిదాకా కదిలించగూడదప్పా."

యజమాని వైపు చూస్తే ఆయన ఫ్యాన్ వైపు చూశాడు. ఏడవలేక, ల్యాబ్ నుంచి పూజ గది దాకా రెండు పొడవాటి తీగలు లాగి చుట్టకు కలిపాను. తీగ పెరిగిన మేరకు ప్రోగ్రాంలో వేళలు సరిచేశాను. అతిథులు వచ్చారు, అరటిపిలకల మధ్య నుంచి తొంగి చూశారు. ఒక్క ప్యాకెట్టూ పోలేదు. అయితే వెలుగు ఆ పటం కింద ఏం చేస్తోందని వాళ్లలో పెద్దాయన అడిగాడు. ఆగదు, కానీ ఆగినట్టే, అంటే తిరిగి... అని నేను నీళ్లు నములుతుంటే మామ అందుకున్నాడు.

"ప్రదక్షిణం చేస్తాదని చెప్పప్పా!"

యజమాని దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పాడు. అందరికీ అర్థమైంది, చప్పట్లు కూడా కొట్టారు. నా ఉద్యోగం ఖాయమైంది, మెప్పు మామకు దక్కింది. నేను పళ్లు కొరుక్కున్నాను.

ఇప్పుడు నా దగ్గర పనికి చేరే కుర్ర ఇంజనీర్లకు నేనూ ఈ పాఠం ప్రదక్షిణంతోనే మొదలుపెడతాను. ప్రతిసారీ ఎవడో ఒకడు, ఈ ముసలాయన చాదస్తం ఏమిటన్నట్టు పళ్లు కొరుక్కుంటాడు. వాణ్ణి చూస్తే ఎందుకో ముద్దొస్తుంది.