జాడీలో ఐసు

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు నేను ఆత్మకూరులో సైన్సు పంతులుగా చేరాను. ఏటా ఒకసారి నెల్లూరు బస్సు డ్రైవరును బతిమాలి ఐసు దిమ్మ తెప్పించేవాణ్ణి. దాన్ని రెండు బెంచీల మధ్య ఆనించి, మీదుగా సన్నటి తీగ వేసి, తీగ రెండు కొసలకూ ఇటుకలు వేలాడదీస్తే, తీగ మెల్లగా ఐసులోకి దిగి అవతల కింద పడేది. దిమ్మ మాత్రం రెండు ముక్కలయ్యేది కాదు. ఒత్తిడి పడ్డచోట ఐసు కరుగుతుందనీ, ఒత్తిడి తప్పగానే మళ్లీ గడ్డకట్టి అతుక్కుంటుందనీ చెప్పేవాణ్ణి. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? చలిదేశాల్లో ఐసు రాయిలా బిగుసుకుపోయినా, కొండంత మంచు మీద పడితే అడుగున ఉన్నది నలిగి, వంగి, ఏళ్ల తరబడి మెల్లగా జారుతుందని, చూసొచ్చినవాడిలా వర్ణించేవాణ్ణి. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. నాకు అదో గర్వం.

కొన్నేళ్లకు, నడి ఎండాకాలంలో, ఉదయగిరిలో మా అమ్మ దగ్గరున్న నా అయిదేళ్ల కూతురికి టైఫాయిడ్ వచ్చింది. నా భార్య కూడా అక్కడే ఉంది. పాప ఒళ్లు కాలిపోతోందని, డాక్టరు నెత్తిన ఐసు పెట్టమన్నాడని కబురొచ్చింది. ఉదయగిరిలో ఐసెక్కడిది? మళ్లీ ఆ డ్రైవరు కాళ్లావేళ్లా పడ్డాను. రంపపు పొట్టు కూరిన గోనెసంచిలో దిమ్మ తెచ్చిపెట్టాడు. నేనూ అదే బస్సెక్కి ఉదయగిరి పోయాను. దారి గతుకులకు దిమ్మ పగిలి ముక్కలయింది. సగం నీళ్లయి కారిపోయింది.

నుదుటి మీద ఒక ముక్క ఆనిస్తే పాప కళ్లు తెరిచి, దాన్ని చేత్తో తడిమి చూసింది.

"కాల్తా ఉండాది నాయనా" అని నవ్వింది.

ఆ నవ్వు చూసి గండం గడిచిందనుకున్నాను. రెండు రోజులుగా నిద్ర లేదు నాకు. మిగతా ముక్కలు అమ్మకు అప్పగించి నడవలో నడుం వాల్చాను.

మాది అంగడి ఇల్లు. అమ్మ చేతి ఊరగాయకు ఊళ్లో పేరుంది. సందుంటే గాలి చేరి పాడవుతుందని, ముక్కల్ని అణిచి అణిచి జాడీకెత్తి, పైన బరువు పెట్టి, మూతికి గుడ్డతో వాసెన కట్టేది. ఐసునూ అలాగే దాచింది పిచ్చితల్లి. పుట్టింటినుంచి తెచ్చుకున్న పెద్ద జాడీలో ముక్కలన్నీ కూరి, సందు లేకుండా నొక్కి, అంగట్లోని తూకపు గుండు పైన పెట్టింది.

మధ్యాహ్నానికి జ్వరం మళ్లీ రేగింది. నా భార్య కేకకు లేచి, వాసెన విప్పి జాడీలో చెయ్యి పెట్టాను. ముక్కలు లేవు. అడుగునుంచి మెడదాకా ఒకటే ముద్ద. అట్లకాడతో పొడిస్తే పైపైన పొడి రాలింది. ఇనుప కమ్మీతో కొడితే జాడీ పగిలింది, పెంకులన్నీ ఐసులో కలిశాయి. అవి ఏరి, కడిగి, గుడ్డలో మూట కట్టేసరికి పాపకు ఫిట్స్ వచ్చాయి. పొద్దుగుంకకముందే పోయింది. నెత్తిన పెట్టిన మూటలో ఐసు ఇంకా మిగిలే ఉంది.

అమ్మ ఆ ఏడు ఊరగాయ పెట్టలేదు. నా చేత్తో నేనే నొక్కి చంపుకున్నానని పక్కింటావిడ దగ్గర ఏడ్చిందట. ఐసు సమయానికి అందినా పాప దక్కేదో లేదో డాక్టరే చెప్పలేనన్నాడు. అమ్మ ఆ మాట చెవిన పెట్టలేదు.

మరుసటేడు అమ్మను ఆత్మకూరు తీసుకొచ్చాను. తప్పు ఆమెది కాదు, ఐసు గుణమే అంత అని కళ్లారా చూపిద్దామనుకున్నాను. ఇంట్లోనే రెండు పీటల మధ్య దిమ్మ ఆనించి, తీగ వేసి, ఇటుకలు కట్టాను. అమ్మ కదలకుండా కూర్చుని చూసింది. తీగ కింద పడ్డాక, అది దిగిన చోట వేలు పెట్టి తడిమింది.

ఇది పిలకాయలకు ఎన్నేళ్లనుంచి చూపిస్తున్నావని అడిగింది. చేరినప్పటినుంచీ అన్నాను.

అమ్మ వేలు కొంగుకు తుడుచుకుంది.

"అయితే ఆ రోజు నీకు తెలుసు" అంది. "పండుకోబోయే ముందు నాకొక్క మాట చెప్పుంటే సరిపోయేది గదా నాయనా."