పావుకోళ్ళకి జవాబిచ్చే గోడ

సాయంత్రం కాగానే తొమియే పావుకోళ్ళు తొడుక్కుని వీధిలోకి దిగుతుంది. టక్, టక్. స్నానశాల రాతిగోడ ఆ చప్పుడుని గట్టిగా తిరిగిచ్చేస్తుంది. పచ్చళ్ళ కొట్టు చెక్కగోడ మెత్తగా ఇస్తుంది. ఒకచోట చప్పుడు వెళ్ళిపోయి ఇక రాదు. అక్కడ సందు, అక్కడే తిరగాలి. చూపు లేని తొమియేకి ఆ వేడినీటి ఊటల ఊరంతా అలాగే తెలుసు. సత్రాల్లో దిగినవాళ్ళకి ఒళ్ళు పట్టడం ఆమె పని.

వంతెన కింద గబ్బిలాలూ ఆ వేళకే లేస్తాయి. మనకి వినపడని కేకలు చీకట్లోకి విసిరి, అవి దేనికి తగిలి తిరిగొస్తున్నాయో విని ఎగురుతాయి.

"ఏం గబ్బిలం వదినా, ఇవాళ ఎవరి నడుం విరుస్తావ్?" అంటాడు తోఫు అమ్మే గెంపచి.

"నీ నాలిక పట్టమని మీ ఆవిడ కబురెట్టింది. నావల్ల కాదన్నాను."

పెద్ద సత్రానికి కొత్తగా యజమానురాలైన సయోకో ఒకరోజు ఆమె చేతిలో రబ్బరు చెప్పులు పెట్టింది.

"ఇకనించి ఇవే వేసుకోండక్కా. పనివాళ్ళ చప్పుడు అతిథులకి ఇబ్బందిగా ఉంటోంది."

అతిథులకి మాత్రం గుమ్మంలో పావుకోళ్ళ వరుస ఉంది. ఎక్కగానే కాలు దూర్చేలా ముక్కులు వీధివైపు తిప్పి పెడతారు. వాళ్ళు టకటకలాడుతూ ఊరంతా తిరగడమే ఈ ఊరి అందమని సత్రం ముందు బొమ్మలు కూడా అంటించారు. అదే చప్పుడు తొమియే కాళ్ళకింద గోల అయింది.

పెద్ద సత్రం పోతే సగం పని పోయినట్టే. తొమియే వేసుకుంది. ఆ సాయంత్రం వీధి మూగబోయింది. గోడలు లేవు, సందు లేదు. ఊరిమీద ఎవరో దూది కప్పేసినట్టుంది. తడుముకుంటూ నడిచి, మరిగే నీళ్ళ కాలవలో కాలేసింది.

సయోకో మందు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అయ్యో అక్కా, రేపట్నించి మీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే మనిషిని పెడతాను."

కాలిన కాలికన్నా ఆ మాట ఎక్కువ మండింది. కళ్ళు పొడిచి కర్ర చేతికిస్తోంది, పైగా జాలి పడుతోంది.

కాలు మానగానే తొమియే తన పావుకోళ్ళతోనే వచ్చింది. గుమ్మంలో అతిథులు షికారుకి బయల్దేరుతున్నారు.

"మళ్ళీ అవేనా అక్కా?" అంది సయోకో, గొంతు తగ్గించి.

తొమియే గొంతు తగ్గించలేదు. సంచిలోంచి రబ్బరు చెప్పులు తీసి ఆమె ముందు పెట్టింది.

"ఇవి తొడుక్కుని, కళ్ళు మూసుకుని వంతెనదాకా వెళ్ళి రా అమ్మాయ్. నువ్వు వెళ్ళొస్తే చచ్చేదాకా నేనూ ఇవే వేసుకుంటాను."

తొమియే చెవొగ్గి వింది. సయోకో కిమోనో అంచు కదిలిన సవ్వడి లేదు.

"నా చెయ్యి పట్టుకోవడానికి మనిషిని పెడతావు. నా దారి నాకు ఉంచడానికి మాత్రం నీకు చేతులు రావు."

పైన ఎవరో నడుంనొప్పి మనిషి ఎదురుచూస్తున్నాడు. తొమియే పావుకోళ్ళు విప్పింది. పనివాళ్ళ చెప్పులు పెట్టే పెరటి గుమ్మానికి వెళ్ళలేదు. అతిథుల వరుసలోనే, వచ్చినవి వచ్చినట్టుగా లోపలివైపు ముక్కులతో వదిలేసి మెట్లెక్కింది.

దిగొచ్చేసరికి గుమ్మం నిశ్శబ్దంగా ఉంది. వంగి తడిమింది. పావుకోళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. ముక్కులు మాత్రం వీధివైపు తిరిగి ఉన్నాయి.

పక్కనే సయోకో కిమోనో అంచు కదిలిన సవ్వడి అయింది. తొమియే పలకరించలేదు. కోపం ఇంకా చల్లారలేదు. కాళ్ళు దూర్చి, కావాలనే కాస్త గట్టిగా, వీధిలోకి అడుగేసింది.

గోడ జవాబిచ్చింది.