నీరు తీసే మాత్ర

మా హెల్త్ సెంటర్లో బీపీ చూసేదీ, మాత్రలిచ్చేదీ నర్సమ్మే. డాక్టరు నెలకోసారి కనబడితే గొప్ప. నర్సమ్మ నోటికి జడిసి అందరూ మాత్రలు మింగుతారు, బస్సు కండక్టరమ్మ తప్ప.

"మళ్లీ పెరిగింది! నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే," అని ఆ రోజు లైనంతా వినేలా దులిపేసింది నర్సమ్మ.

కండక్టరమ్మ తల దించుకుని గొంతు తగ్గించింది. "అది ఒంట్లో నీరు తీసే మాత్ర కదక్కా. వేసుకుంటే మాటిమాటికీ బాత్రూంకెళ్లాలి. డ్యూటీలో ఎక్కడికెళ్లను?"

"బస్సు ఆగినచోట వెళ్లు."

"ఎక్కడాగినా తాళమే అక్కా. ఇక్కడా తాళమేగా."

పేషెంట్లు పాడుచేస్తారని ఇక్కడి బాత్రూంకు తాళం వేయించింది నర్సమ్మే. అంత నోరున్న మనిషీ నడుముకు వేలాడుతున్న తాళంచెవిని చేత్తో కప్పుకుంది.