వదలని టోకెన్లు

నాకు కోపం ఎక్కువ. మా ఆఫీసులో నేను పగలగొట్టినన్ని మౌసులు ఇంకెవరూ పగలగొట్టలేదు. హనుమకొండలో ఒక మేడ మీద నలుగురం కూర్చుని చిన్న వ్యాపారాలకు వెబ్ అప్లికేషన్లు రాసే ఆఫీసు మాది. ప్రోగ్రాం ఆగిపోయిందని ఫోన్ వస్తే ముందు ఆ ఫోన్ చేసినవాడి మీద కోపం వస్తుంది, తర్వాత కంప్యూటర్ మీద, అన్నిటికన్నా చివర నా మీద. ఈ వరుస తిరగబడి ఉంటే ఒక మనిషి చేతివేళ్లు ఇవాళ బాగుండేవి.

వరంగల్ శివార్లలో ఒక ప్రైవేటు మిర్చి యార్డుకు టోకెన్ల పేజీ రాశాను. రైతు బస్తాలతో వస్తే కిటికీ దగ్గర ఆపరేటర్ ఆ పేజీలో ఒక బటన్ నొక్కి టోకెన్ ఇస్తాడు. వంతు రాగానే గేటు దగ్గరి టీవీలో నంబరు పడుతుంది, మైకులో ఆడగొంతు పిలుస్తుంది, బండి కాంటా మీదికి వెళ్తుంది. అంతే పని. ఇంత చిన్న పనిలో తప్పు జరగడానికి చోటెక్కడుందని నా ధీమా.

ఆపరేటర్ రఘునాథపల్లి దగ్గరి ఒక ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు ఆ కిటికీ. ఏది అడిగినా నెమ్మదిగా, ఆలోచించి చెప్పేవాడు. ఆ నెమ్మది చూస్తే నాకు ఒళ్లు మండేది.

సీజన్ మొదలైన కొన్ని రోజులకు పేజీ మొదటిసారి చచ్చింది. తెర తెల్లగా అయిపోయి, ఈ పేజీ ఆగిపోయిందన్న ముక్క ఒకటి మిగిలింది. మళ్లీ తెరిస్తే ఆఖరున ఇచ్చిన టోకెన్లు లేవు. వాటిని ఎప్పటికప్పుడు సర్వర్‌కు పంపకుండా, కాసేపు పేజీలోనే దాచి తర్వాత పంపేలా రాసిన తెలివి నాదే. పోయిన నంబర్లే తర్వాత వచ్చినవాళ్లకు మళ్లీ పడ్డాయి. ఒకే నంబరు ఇద్దరి చేతుల్లో. ఆ రోజు బూతులతో పోయింది. అయిదు రోజులకు మళ్లీ అదే జరిగింది. ఈసారి చొక్కాలు చిరిగాయి. నేను ఫోన్ చేసి ఆపరేటర్ మీద విరుచుకుపడ్డాను.

"ఏం కెలికినవన్నా దాన్ని?"

"ఏం ముట్టలేదు సార్. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచిన."

"ముట్టకుంటె అదెట్ల పోతది?"

"పోతాంది సార్. నేనేం జేత్త?"

నా లాప్‌టాప్‌లో అదే పేజీ హాయిగా నడుస్తోంది. నడవక ఏం చేస్తుంది? ఒక లైను మారుస్తాను, పేజీని రీఫ్రెష్ చేస్తాను, ఇంకో లైను మారుస్తాను, మళ్లీ రీఫ్రెష్ చేస్తాను. నా దగ్గర ఆ పేజీ పది నిమిషాలు కూడా బతకలేదు. ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. తెలిసినవాళ్లకు ముందు నంబర్లు ఇవ్వడానికి ఆ మనిషే ఏదో చేస్తున్నాడని తేల్చేసుకున్నాను.

మూడోసారి చచ్చినప్పుడు పొద్దున పదకొండు. యార్డు మేనేజర్ ఫోన్ చేశాడు. "జల్ది రా. ఈడ తలకాయలు పగుల్తానయ్."

నేను బండి మీద చేరేసరికి ఒకే నంబరున్న రెండు ట్రాలీలు కాంటాకు అడ్డంగా ఒకదాన్నొకటి గుద్దుకుని ఉన్నాయి. ఎవడో హమాలీ కొక్కెంతో బస్తాలు చీల్చాడు. ఎర్రటి మిర్చి కాళ్ల కింద నలుగుతోంది, ఘాటు లేచి కళ్లలో, గొంతుల్లో పడుతోంది. కళ్లు కనబడనివాళ్లు చేతికి అందినవాణ్ని కొడుతున్నారు. పాలంపేట వైపు నుంచి వచ్చిన ఒక రైతు చెవి తెగి, భుజమంతా నెత్తురు. ఆయన మాత్రం రెండో చేత్తో టోకెన్ చీటీని పైకెత్తి పట్టుకునే ఉన్నాడు. రాయి తగిలి టీవీ పగిలింది. ఒకామె మొగుడి నడుము పట్టుకుని వెనక్కి గుంజుతుంటే ఆ మొగుడే ఆమెను మోచేత్తో మూతి మీద పొడిచాడు.

మేనేజర్ నా కాలర్ పట్టుకుని కిటికీ ముందున్న అరుగు మీదికి లాగాడు. "ఇగో, ఇది రాసినోడు వచ్చిండు. ఈయననే అడుగుండ్రి. తప్పు మిషన్‌దా, మనిషిదా?"

కొట్లాట ఆగింది. కిటికీ లోపలి నుంచి ఆపరేటర్ నా వైపు చూశాడు. ఆయన ముఖంలో భయం లేదు. రాసినవాడు వచ్చాడు కదా, ఇక అంతా తేలిపోతుందని నమ్మకం. తప్పు మిషన్‌దని అంటే ఆ చేతులన్నీ నా మీదికి వస్తాయి.

"మిషన్ తనంతట తాను నంబర్లు మార్చదు" అన్నాను. "మార్చేది మనిషే."

ఆయన్ని కిటికీలోంచే బయటికి గుంజారు. కిటికీ ఇరుకు, భుజం ఇరుక్కుంది. అయినా గుంజారు. ఆయన కిటికీ పక్కనున్న చువ్వను పట్టుకుని వదలలేదు. అప్పుడు ఒక ముసలి హమాలీ కొక్కెం తిరగేసి, దాని కర్రపిడితో ఆ వేళ్ల మీద కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆపండి అని నేను అరవలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, అప్పుడు నాకు కలిగింది ఊరట. దెబ్బలు నా మీద పడటం లేదన్న ఊరట. ఆయన్ని ఆటోలో దవాఖానకు తీసుకుపోయాక నేను ముఖం కడుక్కుని ఆఫీసుకు వెళ్లాను.

మర్నాడు పొద్దున్నే కూర్చున్నాను. ఆయన చేసిన మోసాన్ని రుజువు చేద్దామని. ప్రతి టోకెన్ నమోదునూ తవ్వాను. ఒక్కటి కూడా దిద్దినట్టు లేదు. కానీ ఒకచోట కళ్లు ఆగాయి. పేజీ చచ్చింది నిన్న. దాన్ని తెరిచింది మాత్రం అయిదు రోజుల కిందట, అంతకుముందు చచ్చినప్పుడు. మధ్యలో ఒక్కసారీ మూయలేదు. మేనేజర్‌కు ఫోన్ చేసి, రోజూ సాయంత్రం కంప్యూటర్ ఆపరా అని అడిగాను.

"గదేంది? పూజ చేసి ఎక్కిచ్చిన కాంటాను సీజన్ అయ్యేదాక బంద్ వెడ్తమా? కంప్యూటర్ గూడ గంతే. కుంకుమ వెట్టినం, కొబ్బరికాయ కొట్టినం. దాన్నెవలు ముట్టుతరు?"

నా లాప్‌టాప్‌లో పేజీని మూయకుండా వదిలి, దొంగ టోకెన్లు వాటంతటవే పుట్టేలా చిన్న ప్రోగ్రాం పెట్టాను. మొదట్లో ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పేజీ మెమరీలో ఏమేం ఉన్నాయో చూపించే చిట్టాలు తీసి పక్కపక్కన పెట్టాను. పిలిచేసి, పని అయిపోయి, తెర మీద నుంచి తీసేసిన టోకెన్లు ఒక్కటీ పోలేదు. అన్నీ లోపలే ఉన్నాయి. ప్రతి టోకెన్‌కూ ఆ పిలిచే గొంతును తగిలించే లైను రాశాను కానీ, పిలిచాక వదిలేసే లైను రాయలేదు. వదలని టోకెన్లు కుప్పపడి, కుప్పపడి, సందు లేక పేజీ చచ్చేది. రద్దీ ఎక్కువున్న రోజే చచ్చేది. ఒక్క లైను. రాస్తే అరనిమిషం పట్టింది. ఇచ్చిన టోకెన్ ఇచ్చినట్టే సర్వర్‌కు పంపే ఏర్పాటు కూడా చేశాను.

లేచి గోడను పిడికిలితో కొట్టాను. రెండో దెబ్బకు తోలు లేచింది. మూడోది కొట్టలేకపోయాను, ఆయన వేళ్లు గుర్తొచ్చాయి.

మా ఆఫీసు యజమాని విని, తలుపు దగ్గరికి వేశాడు. "సప్పుడు చేయక అప్‌డేట్ పెట్టు. ఎవలకు తెలుస్తది?" అప్‌డేట్ పెట్టాను. పెట్టి యార్డుకు వెళ్లాను. హమాలీలు చాయ్ తాగుతున్నారు. మేనేజర్ కళ్లతో వద్దంటున్నా ఆపకుండా, తప్పు నా రాతలో ఉందనీ, ఆపరేటర్ ఏమీ చేయలేదనీ చెప్పాను.

ముసలి హమాలీ గ్లాసు కింద పెట్టాడు. వచ్చి చెంప మీద కొట్టాడు. బస్తాలు మోసే చెయ్యి. నేను కింద పడ్డాను. లేపి మళ్లీ కొట్టాడు, పెదవి చిట్లింది.

"ఆయన నాకు ఎన్నేండ్ల సంది ఎరుకరా! నా బిడ్డ పెండ్లికి వచ్చి నీళ్లు మోసిండు. నువ్వు చెప్పినవనే కొట్టిన. సదువుకున్నోడు చెప్పిండు గదా అని కొట్టిన!"

ఏడుస్తూ కొడుతున్నాడు. ఎవరూ ఆపలేదు. ఆపమని నేనూ అడగలేదు. చేయి నొచ్చి ఆయనే ఆపాడు.

అటునుంచి అటే బస్సెక్కి ఆపరేటర్ ఊరికి వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు, కుడిచేతికి మోచేతి దాకా కట్టు. అంతా చెప్పాను. ఎప్పటిలాగే నెమ్మదిగా విన్నాడు.

"బంద్ చేసి తెరిస్తె జర మంచిగైతదేమో అని నాకు అనిపిచ్చింది సార్," అన్నాడు. "కానీ నేను చర్చికి పోయేటోణ్ని. కుంకుమ వెట్టిన మిషన్‌ను నేను బంద్ చేస్తె, మన పూజంటె వీనికి లెక్క లేదంటరు. గందుకే దాని జోలికి పోలే."

ఒకరి నమ్మకాన్ని గాయపరచకూడదని ఆయన అంత జాగ్రత్తపడ్డాడు. నేను ఆయన వేళ్లు విరగ్గొట్టించాను. మందుల సంగతి నేను చూసుకుంటానన్నాను, పోయిన ఉద్యోగం మళ్లీ ఇప్పిస్తానన్నాను.

"నౌకరి ముచ్చట తర్వాత," అన్నాడు. "మా వాడకట్టుల నన్ను దొంగ అంటాండ్రు. బడిల నా బిడ్డను గూడ అన్నరట. నాకు చెప్తె ఏమొస్తది? నడువు, ఆళ్లకు చెప్పు."

చెప్పులేసుకుని ముందు నడిచాడు. మొదటి ఇంట్లో చెప్పాను. రెండో ఇంట్లో చెప్పాను. వాళ్లు నా వాచిన ముఖం చూశారు, ఆయన చేయి చూశారు. మూడో ఇంటి వాకిట్లో ఒక ముసలామె చింతపండు గింజ తీస్తోంది. నేను గొణిగాను. ఆమె చెవి దగ్గర చేయి పెట్టుకుని ఆయన వైపు చూసింది.

"గట్టిగ చెప్పు సార్. ఆమెకు వినవడది."

"ఈయన దొంగ కాదు!" అని అరిచాను. పెదవి మళ్లీ చిట్లి నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. "ఈయన ఏ తప్పూ చేయలేదు! తప్పు నాది! నేను అబద్ధం చెప్పి కొట్టించాను!"

వీధి చివరి నుంచి ఎవరో బయటికి వచ్చి చూశారు. నేను మూతి తుడుచుకునేలోపే ఆయన కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, నాలుగో ఇంటి గడప ముందు నిలబడి నా కోసం చూస్తున్నాడు.