చెప్పుకాలి కింద అక్షరాలు

తుంగభద్ర కాలువ కొత్తగా పారుతున్న రోజుల్లో నేను సిరిగేరి దగ్గర ఒక పల్లెబడిలో పంతులుగా చేరాను. పలక చూస్తే హడలిపోయే పసిపిల్లల కోసం బడి ముందు ముగ్గుపిండితో పెద్ద పెద్ద అక్షరాలు వేసి, నేను పలికిన అక్షరం మీదికి గెంతమనేవాణ్ణి. ఆటలోనే చదువు వచ్చేసేది.

ఒకరోజు ఊరిపెద్ద వచ్చి మనవరాలు గంగమ్మ రెక్క పట్టుకున్నాడు.

"ఏందప్పా మేష్టరూ, సరస్వతిని కాళ్లతో తొక్కిస్తాండావు? పిల్లోళ్ల కండ్లు పోవా? మా పాప ఇంగ బడికి రాదు."

ఆ పిల్ల చదువు అక్కడితో ముగిసిందనుకున్నాను. ఆయన అంతటితో ఆగక, ఆ పాపాన్ని చెరిపేయాలని చెప్పుకాలితో అక్షరాలను రుద్దసాగాడు. గంగమ్మ వంగి చూసింది.

"తాతా, నువ్వు తొక్కతాండేది 'క'. ఇప్పుడు 'మ'."

పిల్లలు గొల్లున నవ్వారు. ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలియక తాత కొంగలా నిలబడ్డాడు. తర్వాత పిల్ల చేయి వదిలి వెళ్లిపోయాడు.

మర్నాడు గంగమ్మ బడికి వచ్చింది.

"తాత కండ్లు ఎట్లుండాయి పాపా?"

"బాగుండాయి సార్. 'క' యాడుండాదో పలక మీద చూపీమన్యాడు."

ఎరగని అక్షరానికి దండం పెట్టి, నేర్చుకునే పిల్లకు అడ్డం నిలవడాన్నే మన పెద్దలు భక్తి అంటున్నారు.