మడుగు మేస్త్రి

మొదట ఆయన్ని వీధంతా వాటం మేస్త్రి అనేది. ఇళ్ళ కింద సెల్లారుల్లోకి నీరు ఊరకుండా చేయడం ఆయన పని. గోడ వెలుపల కందకం తవ్వి, కంకర పరిచి, చిల్లుల గొట్టం వేసి, గోడకు చేరే నీటిని పల్లానికి మళ్ళించేవాడు. గొట్టం వాలు, అదే వాటం, వెంట్రుకవాసి తేడాగా ఉన్నా రసమట్టం పెట్టి చూసి మళ్ళీ లేపించేవాడు. "నీళ్ళతో దెబ్బలాడకూడదు. దారి చూపిస్తే అవే పోతాయి" అనేవాడు. పెళ్ళాంతోనూ అదే పద్ధతి. ఆవిడ నోరు మాత్రం ఏ కందకంలోనూ పట్టేది కాదు.

ఆవిడ బట్టలు కుట్టేది. కుట్టుమిషను, కత్తిరించే బల్ల, జనం ఇచ్చిన గుడ్డలు, అన్నీ సెల్లారులోనే. పైన గది ఒకటి ఉంది గానీ దానికి తాళం. అది కూతురిది. పిల్ల పదో ఏట జ్వరంతో పోయింది. అంతకు ముందు ఏడు ఎక్కడినుంచో దానిమ్మ కొమ్మ తెచ్చి సెల్లారు గోడ వారగా నాటింది. పిల్ల లేకపోయినా చెట్టు ఆగుతుందా? గోడెత్తు ఎదిగి విరగగాసేది. ఆ కాయలు పిట్టలు తినాల్సిందే. వీళ్ళిద్దరికీ గొంతు దిగేవి కావు.

ఒక వానాకాలం సెల్లారు మూల చెమ్మ కనిపించింది. మరో వానకు చీలమండ లోతు నీళ్ళు. ఎవరివో పెళ్ళిబట్టలు నానిపోయి రంగులు కలిసిపోయాయి.

"ఏమయ్యా, ఊరి కొంపలన్నీ ఆరబెట్టే మొనగాడివి, సొంత కొంపకి వాటం కుదర్లేదా?"

"తప్పిందేమోనే."

"తప్పిందేమో ఏంటి? తవ్వి చూడు!"

"చూస్తాలే."

చూడలేదు. వాన పడ్డప్పుడల్లా బాల్చీతో తోడిపోసేవాడు.

"మేస్త్రిగారూ, కింద చేపలేమైనా పడుతున్నాయా?" అన్నాడు పక్కింటి ఇస్త్రీ అతను.

"పడితే నీకే అమ్ముతాంలే. మా ఆయనకిక అదొక్కటే పని" అని ఆవిడే అందుకుంది. అందరితోపాటు ఆయనా నవ్వాడు. వీధి ఆయన పేరు మార్చేసింది: మడుగు మేస్త్రి. మడుగు మేస్త్రిని ఎవరు పనికి పిలుస్తారు? రసమట్టం అటకెక్కింది.

ఓపిక చచ్చి, ఆయన బయటికెళ్ళిన ఒకనాడు ఆవిడ వేరే పనివాణ్ణి పిలిపించింది. వాడు దానిమ్మ మొదట్లో తవ్వి, "అమ్మా, ఇలా రండి" అన్నాడు. "వాటం అద్దంలా ఉంది. తప్పు దానిది కాదు. గొట్టం నిండా వేళ్ళే."

గొట్టాన్ని ఎవరో ముందే కోసి చూశారు. లావుపాటి వేరుకు దెబ్బ తగలకుండా పాత చొక్కా ముక్క చుట్టి, మళ్ళీ మూసేశారు. ఆ ముక్క అంచున ఉన్న కుట్టు ఆవిడదే.

"చెట్టు కొట్టేస్తే తప్ప దీనికి మందు లేదమ్మా."

"మూసెయ్ నాయనా" అంది ఆవిడ.

సాయంత్రం ఆయన వచ్చాడు. తిరగేసిన మట్టి చూసి మెట్టు మీద కూలబడ్డాడు.

"నీకు తెలుసు" అంది ఆవిడ.

"మొదటి వానకే తెలుసు. గొట్టం ఉన్నచోటని తెలిసీ, బిడ్డ అడిగిందని గుంట తీసిచ్చింది నేనే కదా."

"మరి నేనన్ని మాటలంటుంటే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?"

"చెబితే, కొట్టించమని నీ నోటితో నువ్వే అనాల్సొచ్చేదే."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, "రేపే వీధిలో చాటుతాను, నీ వాటం తప్పలేదని" అంది.

"వద్దు. చాటితే, చెట్టు కొట్టెయ్యరాదా అంటారు నలుగురూ. ఆ మాట నేను వినలేను."

మర్నాడు ఇద్దరూ కలిసి కుట్టుమిషను పైకి మోశారు. ఆవిడే తాళం తీసింది. సెల్లారును నీళ్ళకు వదిలేశారు.

ఆయనకు మళ్ళీ పని దొరకలేదు. ఆ పేరుతోనే పోయాడు. మోసుకుపోయే రోజున ఇస్త్రీ అతను నిజంగానే ఏడుస్తూ, "పాపం మడుగు మేస్త్రి, ఎంత మంచి మనిషమ్మా" అన్నాడు.

మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ దానిమ్మ వంక చూసి, మింగేసింది. బుద్ధెరిగాక ఆవిడ మాట మింగడం అదే మొదలు.