తెలుగులో అడిగిన నల్ల తెర

దయ్యాల మాట ఎవరెత్తినా మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. చదివింది కంప్యూటర్లు. మనం రాయనిది కంప్యూటర్ చెప్పదని నా గట్టి నమ్మకం. పోయిన చలికాలం దాకా అది కదల్లేదు.

మా నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి భానూర్‌లో స్థిరపడ్డారు. నేను పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో డేటాబేస్ పని చూసేవాణ్ణి. నాతోపాటు సుగుణక్క. కంది నుంచి బస్సులో వచ్చేది. అంతకుముందు ఆమె పాత యూనిట్‌లో, మందుల పౌడర్ల మధ్య ఏళ్లు పనిచేసింది. ఊపిరి ఆడక కంప్యూటర్ల విభాగానికి మారింది.

మేమిద్దరం ఒక ప్రోగ్రామ్ తయారుచేశాం. బొమ్మలు, బటన్లు ఏమీ ఉండవు. నల్ల తెర మీద ఒక ఆదేశం టైపు చేస్తే డేటాబేస్‌లో కొత్త టేబుల్, అంటే వివరాల పట్టిక, చేరుస్తుంది, ఉన్నదాన్ని మారుస్తుంది, వద్దంటే తీసేస్తుంది.

తీసేసే ముందు అవునన్నట్టు 'వై' అని ఒక్క అక్షరం కొట్టిస్తే చాలన్నాను నేను. అక్క ఒప్పుకోలేదు.

"వై అని ఊకెనే కొడ్తరు తమ్మీ. టేబుల్ పేరు మొత్తం రాయిపియ్యాలె. చెయ్యి జెర ఆగాలె గదా."

అలాగే పెట్టాం. ఆ వానాకాలంలోనే ఆమె ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి. చలి మొదలయ్యేసరికి పోయింది.

ఆమె భర్త ప్రభాకరన్న కంపెనీ మీద కేసు వేద్దామనుకున్నాడు. పాత యూనిట్‌లో ఆమెకు చేసిన ఆరోగ్య పరీక్షల వివరాలు కావాలని ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. ఎవరూ ఇవ్వలేదు.

ఇంతలో పాత యూనిట్ మూసేశారు. దాని టేబుళ్లన్నీ తీసేయమని నాకు చెప్పారు. వాటిలో కార్మికుల ఆరోగ్య పరీక్షలది కూడా ఉంది.

మధ్యాహ్నం, భోజనాలు అయ్యాయి. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఉద్యోగం పోతుందన్న భయంతోనే ఆదేశం కొట్టాను. టేబుల్ పేరు రాయమని ఇంగ్లీషులో అడగాలి. తెర మీద ఇలా వచ్చింది:

"ఎవరిని తీసేస్తున్నవ్ తమ్మీ?"

ఆ కంప్యూటర్‌లో నల్ల తెర మీద తెలుగు అక్షరాలు రావు. వస్తే ఖాళీ డబ్బాల్లా కనిపిస్తాయి. ఇవి మాత్రం అచ్చేసినట్టున్నాయి.

పక్క సీటు అనిత కూడా తొంగిచూసింది. "ఏందన్నా ఇది, తెలుగుల అడుగుతుంది?"

నేను చూసిందే ఆమె కూడా చూసిందని అప్పుడు తెలిసింది. ప్రోగ్రామ్ ఆపేశాను. మేం రాసిందంతా వరుసగా వెతికాను. అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. ఎవరైనా ముట్టుకున్న జాడ కూడా లేదు.

మేనేజర్ దగ్గరికి వెళ్లాను. తెర సంగతి చెప్పలేదు. ప్రభాకరన్న అడుగుతున్నాడు కదా, ఆ ఒక్క టేబుల్ ఉంచుదామన్నాను.

"నా చేతుల ఏముంది? నువ్వు చెయ్యకుంటే వేరేటోళ్లు చేస్తరు," అన్నాడు ఆయన, తలెత్తకుండానే.

సాయంత్రానికి హెడ్డాఫీసు వాళ్లే చేశారు. మా ప్రోగ్రామ్‌తో పని లేకుండా నేరుగా తీసేశారు. బ్యాకప్ కాపీ కూడా మిగల్చలేదు.

ఆ ఆదివారం ప్రభాకరన్న ఇంటికి వెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చాడు, తెల్ల చొక్కా ఇంకా మార్చలేదు. వివరాలు పోయాయని చెప్పాను. తెర మీద వచ్చిందీ చెప్పాను. నన్ను పిచ్చివాడనుకుంటాడని భయపడ్డాను. అతను అలా అనుకోలేదు.

కేసు నిలబడదని వకీలు తేల్చేశాడు. నేను ఆ ఉద్యోగం మానేశాను. ఆ మాట తెర మీదికి ఎట్లా వచ్చిందని, కంప్యూటర్లు తెలిసిన వాళ్లందరినీ అడిగాను. అనితా నేనూ ఇప్పటికీ దాని గురించే మాట్లాడుకుంటాం.

ఆ రోజు ప్రభాకరన్న నన్ను అడిగింది ఒకటే మాట.

"గట్ల అడిగింది గదా. మరి నువ్వేమన్నవ్?"

నేనేమీ అనలేదని చెప్పాను.